దూరాన ఉన్న సర్వర్‌కు ఏ దారి మేలు: ఎస్‌ఎస్‌హెచ్, రిమోట్ డెస్క్‌టాప్, బీఎంసీ

వేరే ఊళ్లోని డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌ను మన బల్ల దగ్గర నుంచే నడపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: ఆదేశాలను టైపు చేసి పంపే ఎస్‌ఎస్‌హెచ్, సర్వర్ తెరను మన తెర మీద చూపే రిమోట్ డెస్క్‌టాప్, సర్వర్ మదర్‌బోర్డు మీదే విడిగా పనిచేసే బీఎంసీ అనే చిన్న కంప్యూటర్. వీటిని పోల్చేవారు సాధారణంగా వేగాన్నీ సౌకర్యాన్నీ చూస్తారు గానీ, సర్వర్ మొరాయించిన రోజున ఏ దారి తెరిచి ఉంటుందన్నదే నా దృష్టిలో అసలు కొలమానం.

రోజువారీ పనికి ఎస్‌ఎస్‌హెచ్‌కు సాటి లేదు. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల చోరీ జరిగాక, 1995లో తతు యులోనెన్ దీన్ని రూపొందించారు. అంతకుముందు వాడుకలో ఉన్న టెల్నెట్‌లో పాస్‌వర్డ్ సైతం దాపరికం లేకుండా వెళ్లేది. ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చిపోయేది ఎక్కువగా అక్షరాలే కనుక అంతంతమాత్రపు మొబైల్ సిగ్నల్ మీద కూడా పని సాగుతుంది, పనిని సర్వర్ మీదే నిలిపి ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రాం తోడుంటే మధ్యలో లైను తెగినా నడుస్తున్న పని ఆగదు. పాస్‌వర్డ్ లాగిన్ మాన్పించి, కీలతో (మన కంప్యూటర్‌లో దాచుకునే రహస్య ఫైళ్లతో) మాత్రమే రానివ్వడం తప్పనిసరి.

విండోస్ సర్వర్ మీద తెర చూస్తూ చేయవలసిన పనులకు రిమోట్ డెస్క్‌టాప్ సులువే. అయితే అది వాడే నెట్‌వర్క్ ద్వారాన్ని, అంటే 3389 పోర్టును, నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకూడదు. 2019 మే నెలలో వెల్లడైన బ్లూకీప్ లోపం వల్ల పాత విండోస్ యంత్రాలను లాగిన్ అక్కరలేకుండానే చేజిక్కించుకునే వీలుండేది. మద్దతు ఎప్పుడో ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వవలసి వచ్చింది. వీపీఎన్ (మనవాళ్లకే తెరుచుకునే ప్రైవేటు నెట్‌వర్క్ దారి) వెనుక ఉంచితేనే దీన్ని వాడాలి.

ఈ రెండూ ఆపరేటింగ్ సిస్టమ్ లేచి కూర్చుంటేనే పనికొస్తాయి. లినక్స్ సర్వర్ నుంచి ఒక డిస్కు తీసేసి, బూట్ సమయంలో జతచేయవలసిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో దాని వరుసను అలాగే వదిలేశారనుకోండి: రీబూట్ అయ్యేటప్పుడు లినక్స్‌లో అన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ అప్పటికి మొదలే కాదు. (ఆ వరుసలో, డిస్కు లేకున్నా ముందుకు సాగమని చెప్పే నోఫెయిల్ అన్న మాట ముందే ఉండి ఉంటే ఈ తిప్పలు ఉండవు.) బీఎంసీ ఉంటే ఆ తెరను ఉన్నచోటి నుంచే చూసి, ఫైలు సరిదిద్ది, మళ్లీ బూట్ చేయవచ్చు, సర్వర్ ఆపి ఉన్నా, కరెంటు అందుతున్నంతసేపు అది మేలుకొనే ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో (హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్) ఐఎల్ఓ ఈ కోవలోవే.

బీఎంసీకీ లోటు లేకపోలేదు. బీఎంసీలతో మాట్లాడే పద్ధతి అయిన ఐపీఎంఐ 2.0 రూపకల్పనలోనే ఉన్న బలహీనత వల్ల, లాగిన్ పూర్తి కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ (ఊహించిన పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చుకోగల సంకేతరూపం) అడిగినవారి చేతికి వెళుతుంది. కాబట్టి దాన్ని వేరే నెట్‌వర్క్‌లో బంధించాలి. ఆ నెట్‌వర్క్ ప్రధాన లైను మీద ఆధారపడకూడదు కూడా. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సేవలు ఆగినప్పుడు అత్యవసరానికని పెట్టుకున్న విడి నెట్‌వర్క్ సైతం అందకపోవడంతో ఇంజినీర్లు డేటా సెంటర్లకే వెళ్లవలసి వచ్చింది.

సొంత సర్వర్ కొనేవారు రోజూ ఎస్‌ఎస్‌హెచ్ వాడుతూనే, బీఎంసీలో పూర్తి కన్సోల్‌కు (సర్వర్ తెరనూ కీబోర్డునూ దూరం నుంచే వాడే వీలుకు) విడిగా లైసెన్సు కొనాలా అన్నది ముందే కనుక్కోవాలి. మిగతా ఖర్చు తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించుకోవడం తగదు. అద్దె వర్చువల్ సర్వర్ అయితే బీఎంసీ మన చేతికి రాదు గనుక, బ్రౌజర్‌లో కన్సోల్ ఇచ్చే సంస్థనే ఎంచుకుని, సర్వర్ తీసుకున్న రోజే దాన్ని ఒకసారి తెరిచి చూసుకోవాలి.