బ్రేక్ జంక్షన్ సెటప్: ఆరేళ్లు వాడాక

ఒక్క అణువు గుండా కరెంటు ఎంత పోతుందో కొలవడానికి ఆరేళ్లుగా ఎస్‌టీఎం (సన్నటి లోహపు మొనతో ఉపరితలాన్ని తడిమే మైక్రోస్కోప్) బ్రేక్ జంక్షన్ వాడుతున్నాను. మొదటి రోజు నాకు నవ్వొచ్చిన సంగతి: ఇంత సూక్ష్మమైన పనికి మొన తయారుచేసేది కత్తెరతో! బంగారు తీగను ఏటవాలుగా కత్తిరిస్తే చాలు.

ఆ మొనను బంగారు పూత పలకకు గుచ్చి, మెల్లగా వెనక్కి లాగుతాం. మధ్యలో సాగిన బంగారం సన్నబడుతూ చివరికి ఒక్క పరమాణువు మందానికి వస్తుంది. అక్కడ వాహకత (కరెంటు ఎంత సులువుగా పోతుందో చెప్పే కొలత) గ్రాఫ్ మెట్టులా ఆగుతుంది. నిరోధం దాదాపు 12.9 కిలోఓమ్‌లు, దానికి విలోమమైన వాహకతనే జీ-నాట్ అంటాం. తర్వాత బంగారం తెగుతుంది. ఆ సందులో ద్రావణంలోని అణువు ఇరుక్కుంటే కింద ఇంకో చిన్న మెట్టు కనబడుతుంది. మాకు కావలసింది అదే. 2003లో షు, టావ్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలోనే బైపిరిడీన్ అనే అణువుకి జీ-నాట్‌లో సుమారు నూరో వంతు వాహకత చూపించారు. కొత్త మొన పెట్టినప్పుడల్లా నేను ముందు ఆ అణువునే కొలిచి చూస్తాను.

ఒక్క గ్రాఫ్‌ని మాత్రం ఎప్పుడూ నమ్మకండి. అణువు ఎలా పట్టుకుందో, ఎంత వంగిందో ప్రతిసారీ మారుతుంది. వేల గ్రాఫులు కలిపి, ఏ వాహకత ఎన్నిసార్లు వచ్చిందో చూపే హిస్టోగ్రామ్ వేస్తేనే, ఎక్కువసార్లు వచ్చిన విలువ దగ్గర శిఖరం తేలుతుంది. లాగడం కంప్యూటరే చేస్తుంది కాబట్టి రాత్రంతా వదిలేయొచ్చు. పక్కన ఎవరైనా తలుపు దడేల్మని వేస్తే ఆ కాసేపటి డేటా పోయినట్టే.

అణువు చివర థయాల్ (గంధకం ఉన్న గుంపు) ఉంటే బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది గానీ శిఖరం చెదిరిపోతుంది. అమీన్ (నైట్రోజన్ ఉన్న గుంపు) పట్టు వదులే, కానీ శిఖరం చక్కగా వస్తుంది. నా ఓటు అమీన్‌కే. ఆల్కేన్ గొలుసుల (వరసగా కార్బన్లు కలిసిన అణువుల) దగ్గర ఓపిక పట్టాలి. ఒక్కో కార్బన్ పెరిగేకొద్దీ వాహకత సగం కన్నా తక్కువకి పడుతుంది. పన్నెండు కార్బన్లు దాటితే మా యాంప్లిఫయర్‌లో మిగిలేది రొదే.

ఒకసారి బ్రహ్మాండమైన శిఖరం వచ్చింది. మూడు వారాలు దాని చుట్టూ తిరిగాను. చివరికి అనుమానమొచ్చి, అణువు కలపకుండా ఉత్త ద్రావకంతో నడిపాను. అదే శిఖరం, అదే చోట. సిరంజిలో పాత శాంపిల్ మిగిలిపోయిందట! ఇప్పుడు ఉత్త ద్రావకంతో వెయ్యి గ్రాఫులు తీశాకే అసలు పని మొదలుపెడతాను. సిరంజిల మీద పేర్లు కూడా రాసుకున్నాను.