క్యాంటీన్ మానేసి కొన్న స్టీలు లంచ్ బాక్స్: నాలుగు నెలల లెక్క

నేను అకౌంట్స్‌లో పని చేస్తాను. ఈ రివ్యూలో డబ్బా కంటే లెక్కలే ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి. అసలు ఈ డబ్బా మా ఇంటికి వచ్చిందే లెక్క వల్ల.

మాకు ఇద్దరు పిల్లలు. పాపకు పన్నెండేళ్లు, బాబుకు ఎనిమిది. ఇద్దరూ స్కూలు క్యాంటీన్‌లోనే తినేవారు. రెండేళ్లలో ఆ ఫీజు మూడుసార్లు పెరిగింది. ఒకసారి 12 శాతం, ఒకసారి 8, ఒకసారి 15. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు. పెరిగిన దాని మీద మళ్లీ పెరుగుతుంది కదా, మొత్తం కలిపితే 39 శాతం. అదే రెండేళ్లలో నా జీతం 9 శాతం పెరిగింది. ఇద్దరి భోజనం ఖర్చు నా జీతంలో ఆరున్నర శాతం ఉండేది, ఇప్పుడు 8.3 శాతానికి చేరింది. మూడు సర్క్యులర్లూ దాచిపెట్టాను. మూడింటిలోనూ 'అనివార్య కారణాల వల్ల' అనే మాట ఉంది. కారణాలేమిటో ఒక్కదానిలోనూ లేదు.

కారణాలు లేవని నేను అనను. 2022 మార్చిలో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఆహార ధరల సూచీ, 1990 నుంచి లెక్కిస్తున్న ఆ సూచీ చరిత్రలోనే, అప్పటివరకు లేనంత ఎత్తుకు వెళ్లింది. నూనెలు, ధాన్యాలు అన్నీ మండిపోయాయి. గ్యాసు, రవాణా, వంటవాళ్ల జీతాలు కూడా ఉంటాయి. వంటవాళ్ల జీతం పెరిగితే నాకు సంతోషమే, వాళ్లకూ పిల్లలుంటారు. కాకపోతే ఆ సూచీ తర్వాత అక్కడి నుంచి దిగింది. మా ఫీజు దిగలేదు. పెంచడానికి సర్క్యులర్ వస్తుంది కానీ తగ్గించడానికి సర్క్యులర్ ఎప్పుడైనా వచ్చిందా?

వీటన్నిటికంటే నన్ను కదిలించింది పాప చెప్పిన ఒక్క మాట. 'అమ్మా, గరిటె మార్చారు' అంది ఒక రోజు. ఫీజు పెరిగిన నెలలోనే వడ్డించే గరిటె కూడా చిన్నదైందట. రెండోసారి అడిగితే వేస్తారు, కానీ వెనక లైన్లో ఉన్నవాళ్లు చూస్తుంటే అడగలేకపోతున్నానంది. ఆ రాత్రే లంచ్ బాక్సులు వెతకడం మొదలుపెట్టాను.

కొన్నది వాక్యూమ్ గోడల స్టీలు డబ్బా, రెండు. రెండిటి ధర కలిపితే ఒక పిల్లాడి క్యాంటీన్ ఫీజు నెలన్నరకు సమానం. మామూలు స్టీలు డబ్బాకు అంత పెట్టక్కర్లేదు, కానీ మా పిల్లల స్కూల్లో వేడి చేసుకునే వీలు లేదు. పొద్దున 6:40కి సర్దింది మధ్యాహ్నం 12:30కి తింటారు. దాదాపు ఆరు గంటలు. వండిన ఆహారం వడ్డించేదాకా 60 డిగ్రీల పైనే వేడిగా ఉండాలని, బయట మామూలు వేడిలో రెండు గంటలకు మించి వదిలేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, గోరువెచ్చగా వదిలేస్తే మళ్లీ పెరుగుతాయి. కాబట్టి 'వేడిగా ఉంటే రుచిగా ఉంటుంది' అన్నంత తేలిక విషయం కాదిది.

అట్టపెట్టె మీద '12 గంటలు వేడి' అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చీమంత అక్షరాల్లో అసలు సంగతి రాశారు. 95 డిగ్రీల నీళ్లు నిండా పోసి, 20 డిగ్రీల గదిలో ఉంచితే వచ్చిన లెక్కట అది. పిల్లలకు మరిగే నీళ్లు కట్టి పంపే తల్లులు ఎవరో నాకు తెలియదు.

అందుకే ఒక సెలవు రోజు వంటింట్లో నేనే చూశాను, థర్మామీటర్ పెట్టి. ఖాళీ డబ్బాలో అన్నం, కూర నేరుగా సర్దితే 84 డిగ్రీల దగ్గర మొదలై 12:30కి 52కి దిగింది. మర్నాడు ముందుగా మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి సర్దాను. 12:30కి 62. ఒక్క నీళ్ల పనికి పది డిగ్రీల తేడా. ముందు వేడి చేయకపోతే మన అన్నంలోని వేడిని మొదట స్టీలే తాగేస్తుంది మరి. మూడోసారి నీళ్లు పోసి వేడి చేసినా, సగం వరకే సర్ది చూశాను. 47. డబ్బాలో ఖాళీ ఎంత ఉంటే వేడి అంత త్వరగా పోతుంది. కాబట్టి కొనేవాళ్లు 'పెద్దది తీసుకుందాం, పిల్లలు పెరుగుతారు కదా' అని చొక్కా కొన్నట్టు కొనకండి. పిల్ల తినేంతే పట్టే డబ్బా కొనండి.

ఇది పనిచేసే తీరు సులువే. రెండు గోడలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. గాలి లేకపోతే వేడి దాన్ని దాటి పోవడం కష్టం. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త దీన్ని తయారు చేసింది అన్నం కోసం కాదు, గడ్డకట్టే చలిలో తప్ప ద్రవంగా ఉండని వాయువులను నిల్వ ఉంచుకోవడానికి. గోడల సంగతి బాగానే ఉంది కానీ మూతలో వాక్యూమ్ లేదు, ప్లాస్టిక్కే. వేడి ఎక్కువగా పోయేది అటు నుంచే. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, గోడలు చల్లగా ఉంటాయి, మూత మాత్రం వెచ్చగా.

ఇక ఆ మూత గురించే నా పెద్ద ఫిర్యాదు.

రెండో వారం, బుధవారం. సాయంత్రం బాబు బ్యాగు అందుకోగానే బరువుతోనే తెలిసిపోయింది. తినలేదు. 'ఏమైంది నాన్నా' అంటే 'మూత రాలేదమ్మా' అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. నేను తిప్పి చూశాను, నాకూ రాలేదు. మోకాళ్ల మధ్య ఇరికించి, తడి గుడ్డ వేసి తిప్పితే టప్పుమని వచ్చింది. లోపల అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. డబ్బా తన మాట నిలబెట్టుకుంది, వాడు మాత్రం ఆకలితో ఇంటికొచ్చాడు. ఎవరినైనా తీసిపెట్టమని అడగొచ్చు కదా అంటే, పక్కవాళ్లు నవ్వుతారని అడగలేదన్నాడు. నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

పొగలు కక్కే అన్నం మీద వెంటనే మూత బిగిస్తే, లోపలి ఆవిరి చల్లబడేకొద్దీ ఒత్తిడి తగ్గి మూత లోపలికి పీల్చుకుపోతుంది. దానికోసమే మూత మధ్యలో చిన్న బటన్ ఇచ్చారు. అది నొక్కితే గాలి లోపలికి వెళ్లి మూత వదులవ్వాలి. పెద్దవాళ్ల బొటనవేలికే గట్టిగా తగిలే బటన్ ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎలా నొక్కడం వస్తుంది? పెట్టె మీద మాత్రం నవ్వుతున్న చిన్నపిల్ల బొమ్మ వేశారు. సర్దాక ఒక్క నిమిషం ఆవిరి పోనిచ్చి మూత పెట్టడం, రబ్బరు రింగుకు చుక్క నూనె రాయడం నేర్చుకున్నాక పాపకు మళ్లీ ఇబ్బంది రాలేదు. బాబుతో ఆదివారం నీళ్లు పోసి పదిసార్లు తీయించాను. పదింటిలో ఏడుసార్లు తీశాడు. మిగతా మూడు రోజులు పస్తుంటాడని తెలిసీ ఎలా పంపను?

చిన్న చిన్న విషయాలు కొన్ని. పెట్టె మీద 500 మిల్లీలీటర్లని ఉంది, మూత లోపలికి దిగే భాగం పోను 430కి మించి పట్టదు. ఖాళీ డబ్బా బరువే అర కిలోకు దగ్గర, పుస్తకాల బ్యాగుకు అది అదనం. రబ్బరు రింగు కూర వాసన పట్టేస్తుంది. దాన్ని ఊడదీసి, వంటసోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే పోతుంది. ఊడదీయకుండా కడిగితే దాని వెనక నల్లగా పడుతుంది, ఒకసారి చూశాక రోజూ తీసే కడుగుతున్నాను. విడి రింగు కావాలని కంపెనీకి రాస్తే మూత మొత్తం కొనమన్నారు. లోపలి స్టీలు మాత్రం మంచిది, 304 రకం. నాలుగు నెలల్లో చిన్న మరక కూడా పడలేదు.

పాపకు అనుకోకుండా ఒక లాభం దొరికింది. క్యాంటీన్ లైన్లో నిలబడే పని పోయింది కాబట్టి తినడానికి పది నిమిషాలు ఎక్కువ దొరుకుతున్నాయట. నిదానంగా తింటున్నాను అంది. డబ్బాకు నేనిచ్చే మార్కుల్లో సగం ఆ పది నిమిషాలవే.

ఇప్పుడు లెక్క. సరుకులు, గ్యాసు కలిపి ఇంటి భోజనం ఖర్చు క్యాంటీన్ ఫీజులో 45 శాతం పడుతోంది. అంటే ఒక్కొక్కరి మీద 55 శాతం మిగులు. బాగుంది కదా అనిపిస్తుంది. నేనూ మొదటి నెల అలాగే మురిసిపోయాను. తర్వాత ఇంకో వరుస చేర్చాను. వండి, నీళ్లు కాచి పోసి, సర్ది, సాయంత్రం రింగు ఊడదీసి కడగడానికి రోజుకు 35 నిమిషాలు. నెలకు 22 రోజులు. దాదాపు 13 గంటలు. అవి ఎక్కడి నుంచి వచ్చాయంటే నా నిద్రలోంచి. ఇదివరకు ఆరింటికి లేచేదాన్ని, ఇప్పుడు అయిదున్నరకు. మా ఆయనది నైట్ షిఫ్ట్, ఆయన ఇల్లు చేరేసరికే ఏడవుతుంది. కడిగే పని ఆయన తీసుకున్నారు, అది చెప్పకపోతే అన్యాయం. అయినా ఈ 13 గంటలు ఏ ఖాతాలో రాయాలో నా ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. క్యాంటీన్ ఖరీదని తిట్టుకున్నన్నాళ్లూ, ఆ ఫీజులో నా అరగంట నిద్ర కూడా ఉందని గుర్తు రాలేదు.

మధ్యేమార్గంగా వారానికి మూడు రోజులు ఇంటి డబ్బా, రెండు రోజులు క్యాంటీన్ పెట్టుకుందామని అడిగాను. కుదరదు, కడితే నెల మొత్తం కట్టాలన్నారు. ఉద్యోగాలు చేసే ఇళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ ఒక్క వెసులుబాటే. ఫిన్లాండ్‌లో 1948 నుంచి బడి పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతున్నారు, ధనిక పేద తేడా లేకుండా. అంత అడగడం లేదు నేను. తిన్న రోజుకే డబ్బు తీసుకోమంటున్నాను, అంతే.

చివరికి బాబును మళ్లీ క్యాంటీన్‌లో చేర్చాం. పాప డబ్బా కొనసాగుతోంది. ఒక్కరి మిగులుతోనే లెక్క వేసినా రెండు డబ్బాల ఖర్చు మూడు నెలలు తిరగకముందే వచ్చేసింది.

5కి మూడున్నర ఇస్తున్నాను. పదేళ్లు దాటిన పిల్లలకైతే నిశ్చింతగా కొనొచ్చు. అంతకంటే చిన్నవాళ్లకైతే ముందు షాపులో మూత బిగించి వాళ్ల చేతికే ఇచ్చి తీయమనండి. అయితే అది ఖాళీ డబ్బా మూత. వేడన్నం మీద బిగించిన మూత దానికి రెండింతలు మొండిది.

బాబు డబ్బా ఇప్పుడు నా ఆఫీసు బ్యాగులో ఉంటోంది. నేను తినేసరికి ఒంటిగంటంపావు అవుతుంది. నిన్న థర్మామీటర్ తీసుకెళ్లి చూశాను, 58. పక్క సీటావిడ నన్ను అదోలా చూసింది.