ఆరేడేళ్ళుగా వాడుతున్న ఓవెన్: వంటకు వంక లేదు, పేచీ అంతా బోర్డుతోనే

మేం ఉండేది విజయవాడ గుణదలలో. ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. డిసెంబరు వస్తే ప్లమ్ కేకులతో ఓవెన్‌కు పగలూ రాత్రీ తెలియదు. కాబట్టి నెలకోసారి పిజ్జా వేడి చేసుకునే ఇంటి అనుభవం కాదిది. 65 లీటర్ల, గోడ అలమరాలో బిగించే కరెంటు ఓవెన్. ముందు గాజు ప్యానెల్ మీద టచ్ బటన్లు, లోపల పైనా కిందా కాయిల్స్, వెనక ఫ్యాన్ చుట్టూ ఇంకో కాయిల్. కంపెనీ పేరు రాయడం లేదు. కాయిల్స్‌నూ బటన్లనూ నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న ఏ ఓవెన్‌కైనా ఈ బాధలు తప్పవు.

వంట గురించి రెండు ముక్కలు చాలు. ఫ్యాన్ పెడితే రెండు ట్రేల బిస్కెట్లూ ఒకే రంగులో కాలుతాయి. తలుపు రబ్బరు ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆ విషయంలో కొన్నందుకు బాధ లేదు.

బోర్డు దగ్గరికొద్దాం. మొదట కనిపించిన లక్షణం చిత్రంగా ఉండేది. కాసేపు బాగానే నడిచేది. వేడెక్కాక కాయిల్ ఆన్ అయ్యే ‘టక్’ శబ్దం వినపడగానే డిస్‌ప్లే ఆరిపోయి, గడియారం మళ్ళీ 12:00 చూపించేది. చల్లారితే ఏమీ ఎరగనట్టు పనిచేసేది. సర్వీస్ మనిషి వచ్చి, ప్యానెల్ కూడా విప్పకుండానే, ‘బోర్డు పోయింది మేడమ్, మార్చాలి’ అన్నాడు. కొత్త బోర్డుకు అతను చెప్పిన రేటుకు మామూలు చిన్న ఓవెన్ ఒకటి వచ్చేస్తుంది. పైగా పార్ట్ ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు.

గవర్నర్‌పేటలో టీవీ, వాషింగ్ మెషీన్ బోర్డులు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. బోర్డు ఊడదీసి పట్టుకెళ్ళాం. లక్షణం వినగానే ‘బోర్డుకేం కాలేదమ్మా, కెపాసిటర్ ఎండిపోయింది’ అన్నారు. ‘చూడ్డానికి బాగానే ఉంది కదండీ, ఉబ్బలేదు’ అన్నాను. ‘ఎండినవన్నీ ఉబ్బవు తల్లీ’ అని మీటరు పెట్టి చూపించారు. కెపాసిటర్ అంటే కరెంటును కాస్త దాచుకుని వోల్టేజీ కుంగకుండా చూసే భాగం. దాని సామర్థ్యం 1000 మైక్రోఫారాడ్ అని రాసి ఉంది, కొలిస్తే అందులో సగం కూడా మిగల్లేదు. కాయిల్‌కు కరెంటు ఇచ్చే, ‘టక్’మనే చిన్న స్విచ్ పేరు రిలే, దాన్ని లాగాలంటే 12 వోల్టులు కావాలి. కెపాసిటర్ నీరసపడితే రిలే లాగిన క్షణంలో ఆ వోల్టేజీ కుంగిపోతుంది. దానిమీదే ఆధారపడిన 5 వోల్టుల సప్లై కూడా పడిపోయి, బోర్డులోని చిప్ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే 12:00. పాతది 85 డిగ్రీల వేడి దాకా తట్టుకునేదట, ఆయన 105 డిగ్రీలది వేశారు. పది డిగ్రీల వేడి తగ్గితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని అక్కడే తెలిసింది.

ఆ వేడికి కారణం మాత్రం మన ఇళ్ళలోనే ఉంది. ఓవెన్ ఆపాక కూడా లోపల చిన్న ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, బోర్డు చల్లబడటానికే. పని కాగానే గోడ మీద స్విచ్ కట్టేయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా అత్తయ్యకైతే అది తిరుగుతుంటే ప్రాణం ఊరుకోదు, ‘కరెంటు దండగ’ అంటారు. స్విచ్ కట్టేస్తే ఆ సెగంతా పైనున్న బోర్డుకే. రోహిణి కార్తెలో మా వంటగది ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఫ్యాన్ సంగతి మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. షోరూంలో ఎవరూ చెప్పలేదు.

తర్వాతి పేచీ కింది కాయిల్‌ది. కేకు పైన మాడుతోంది, అడుగు పచ్చిగా ఉంది. ‘టక్’ శబ్దం మాత్రం వస్తోంది. మళ్ళీ ‘బోర్డు’ అనే లోపు కాయిల్ కొలిచి చూశాం. 230 వోల్టుల మీద 1100 వాట్ల కాయిల్ అయితే 48 ఓమ్‌ల దగ్గర చూపించాలి. చూపించింది. కాయిల్ బాగుంటే, రిలే మోగుతుంటే, ఇక అనుమానం రిలే లోపలి కాంటాక్టుల మీద, లేదా దాని కాళ్ళ దగ్గర టంకం మీద. భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు. వేడెక్కడం, చల్లారడం రోజూ జరుగుతుంటే టంకం అలాగే పగులుతుందట. మళ్ళీ టంకం పెట్టించాం, అయిపోయింది.

రిలేతో అసలు భయపడాల్సింది ఇంకోటి. కాంటాక్టులు అతుక్కుపోతే ఓవెన్ ఆపినా కాయిల్ కాలుతూనే ఉంటుంది. అలా కనబడితే గోడ మీద స్విచ్ కట్టేసి, బాగుచేయించే దాకా ముట్టుకోకండి.

ఒకసారి ఎర్రర్ కోడ్ కూడా వచ్చింది. మాన్యువల్ ప్రకారం అది టెంపరేచర్ సెన్సర్‌ది. మా దాంట్లో ఉన్నది పీటీ1000 రకం, వేడి పెరిగే కొద్దీ దాని ఓమ్‌లు పెరుగుతాయి. సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు, మన 30 డిగ్రీల గదిలో దాదాపు 1117. సెన్సర్ సరిగ్గానే చూపించింది. వెనక కనెక్టర్ వదులైంది, అంతే. బిగిస్తే పోయింది. దీనికీ ఫోన్‌లోనే ‘బోర్డు’ అన్నారు!

వానాకాలంలో ఓవెన్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే మెయిన్ స్విచ్) పడిపోతే కూడా ముందు బోర్డును తిట్టకండి. కొన్నాళ్ళు వాడకపోతే కాయిల్ లోపలి పొడి తేమ పీల్చి, కరెంటు కొద్దిగా బాడీకి లీకవుతుంది. ముందు కాయిల్ తనిఖీ చేయించాలి. కొన్నిసార్లు ఆరబెట్టించగానే సరిపోతుంది.

ఇంట్లో మల్టీమీటరు ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. కాయిల్, సెన్సర్ కొలవడం వరకు ప్లగ్ తీసేసి చేసుకోవచ్చు. కరెంటు ఉండగా బోర్డును ముట్టుకోవద్దు. చాలా బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, 5 వోల్టులని రాసి ఉన్న చోట కూడా షాక్ కొడుతుంది. ఓవెన్ పూర్తిగా చచ్చి, లోపలి ఫ్యూజు మాడి ఉంటే ఫ్యూజు ఒక్కటే మార్చినా లాభం లేకపోవచ్చు. దాని పక్కనే గుండ్రటి బిళ్ళలా వేరిస్టర్ ఉంటుంది, వోల్టేజీ మితిమీరితే అడ్డుపడే భాగం అది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చినప్పుడు మిగతా బోర్డును కాపాడి అది పోతుంది. పోయిన వేరిస్టర్‌ను తీయకుండా వేసిన కొత్త ఫ్యూజు మళ్ళీ టప్‌మంటుంది. బల్లులు, బొద్దింకలు దూరడం వేరే కథ. వెచ్చగా ఉంటుందని అక్కడే కాపురం పెడతాయి.

వంటకు ఐదుకు ఐదు మార్కులు, బోర్డుకు రెండు, సర్వీసుకు ఒకటి ఇస్తాను. వారానికోసారి వాడేవాళ్ళయితే గుండ్రటి నాబ్‌లు ఉన్నది తీసుకోండి. నాలా రోజూ వాడేవాళ్ళు టచ్ ప్యానెలే కావాలనుకుంటే, డిస్‌ప్లే బోర్డు, పవర్ బోర్డు విడివిడిగా ఉన్నాయా అని అడగండి. విడిగా ఉంటే ఒకటి పోయినా రెండోది మార్చక్కర్లేదు. వారంటీ అయ్యాక ఎన్నేళ్ళు బోర్డు దొరుకుతుందో బిల్లు మీద రాయించుకోండి. షోరూం వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.