క్విల్టింగ్ తరగతికి ఏది మేలు: పాత సింగర్ 221నా, తేలికపాటి కంప్యూటర్ మిషనా?

గుడ్డ ముక్కలు అతికి బొంతలు కుట్టే క్విల్టింగ్ తరగతులకు మోసుకెళ్ళడానికి ఏ కుట్టు మిషన్ కొనమంటారని అడిగేవారికి ఇన్నాళ్ళూ పొడిపొడిగా జవాబిస్తూ వచ్చాను. ఈ మధ్య నేనే ఒకటి కొనవలసివచ్చి, రెండింటిని కొన్ని వారాలపాటు పక్కపక్కన పెట్టుకుని కుట్టాను కనుక ఇప్పుడు కాస్త వివరంగా చెప్పగలను. వాటిలో ఒకటి సింగర్ 1933లో విడుదల చేసి 1960ల చివరి వరకూ తయారుచేసిన 221, అంటే క్విల్టర్లు ఫెదర్‌వెయిట్ అని ముద్దుగా పిలుచుకునే చిన్న నల్ల మిషన్. రెండవది ఇప్పటి తేలికపాటి కంప్యూటర్ మిషన్లలో ఒకటి. దాని పేరుతో మనకు పని లేదు. నేను చెప్పబోయే గుణదోషాలు 7 మిల్లీమీటర్ల వెడల్పు దాకా జిగ్‌జాగ్ (సూది అటూ ఇటూ ఊగుతూ వేసే వంకర కుట్టు) ఉన్న ఆ కోవ మిషన్లకు దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

బరువు సంగతి త్వరగా ముగిద్దాం. అల్యూమినియంతో పోతపోసిన 221 సుమారు 5 కిలోలు తూగుతుంది. 60 రకాల కుట్లున్న బ్రదర్ సీఎస్6000ఐ వంటివి 6 కిలోల చుట్టుపక్కల ఉంటాయి. పెట్టె, పెడల్, కటింగ్ మ్యాట్, స్కేళ్ళు, గుడ్డల మూట అన్నీ చేరేసరికి ఆ కిలో తేడా ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. జూకీ టీఎల్-2010క్యూ నిమిషానికి 1,500 కుట్లు వేసే గొప్ప మిషనే, కానీ పదకొండున్నర కిలోలను వారం వారం మెట్లెక్కించే ఓపిక ఉన్నవారికి ఈ వ్యాసంతో అవసరం లేదు.

చాలామంది బరువు తరువాత అడిగేది సూదికి కుడి పక్క ఎంత జాగా ఉందని. పై గుడ్డ, నడుమ దూది, అడుగు గుడ్డ మూడు పొరలూ కలిపిన పెద్ద బొంతను చుట్టచుట్టి ఆ సందులోంచి దూర్చేటప్పుడు అది ముఖ్యమే. తరగతి గదిలో మాత్రం మనం ఎక్కువసేపు చేసేది ముక్కలు అతకడం, అందులో తప్పొప్పులు తేల్చేది గుడ్డ అంచు నుంచి పావు అంగుళం లోపలికి వేసే కుట్టు. తొమ్మిది పట్టీలను వరసగా అతికితే ఎనిమిది కుట్లు పడతాయి, ఒక్కో కుట్టులో రెండు అంచులు లోపలికి పోతాయి. ఒక్కో అంచున అంగుళంలో 32వ వంతు ఎక్కువ పోయినా ఎనిమిది కుట్లకు కలిపి అర అంగుళం తగ్గిపోతుంది, అలా అతికిన ఆ బ్లాకు, అంటే బొంతలో ఒక గడి, పక్క బ్లాకుతో ఇక కలవదు. అందుచేత ఆ పావు అంగుళాన్ని కుట్టు మొదటి నుంచి చివరి దాకా ఏ మిషన్ నిలబెడుతుందన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

ఇది కుట్టేవారి చేతివాటం మీదే ఆధారపడుతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. సూది ప్లేటు విప్పి కొలిచాక అభిప్రాయం మారింది. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది అటూ ఇటూ ఊగడానికి ప్లేటులో వెడల్పాటి సందు ఉండాలి, గుడ్డను వెనక్కి లాగే పళ్ళు ఆ సందుకు రెండు పక్కలా ఎడంగా ఉండాలి. 7 మిల్లీమీటర్ల మిషన్‌లో సూది మధ్యలో ఉన్నప్పుడు కుడి వైపు కనీసం మూడున్నర మిల్లీమీటర్లు ఆ సందుకే పోతాయి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు కనుక, కుడి పళ్ళ మీద ఆనే గుడ్డ మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 9 మిల్లీమీటర్ల మిషన్‌లో రెండు మిల్లీమీటర్లకు లోపే. ఎడమ పళ్ళకు నిండా గుడ్డ దొరుకుతుంది, కుడి పళ్ళకు అంచు మాత్రమే దొరుకుతుంది. రెండు పక్కలా లాగుడు సమంగా లేనప్పుడు, ముఖ్యంగా కుట్టు ముగిసే చోట, గుడ్డ పక్కకు తిరగడంలో వింతేముంది?

221లో జిగ్‌జాగ్ లేదు. సూది దిగడానికి ఒక్క గుండ్రటి రంధ్రమే ఉంటుంది, పళ్ళు దానికి ఆనుకునే ఉంటాయి. త్రికోణాలను కొన నుంచి కుట్టడం మొదలుపెట్టినప్పుడు ఈ తేడా కంటికి కనిపిస్తుంది. నా కంప్యూటర్ మిషన్ ఒక తరగతిలో వరసగా నాలుగు త్రికోణాల కొనలను సందులోకి తోసి నమిలింది. ప్లేటు విప్పి, నలిగిన గుడ్డను పట్టకారుతో బయటికి తీసేలోగా మిగిలినవారు తరువాతి వరసకు వెళ్ళిపోయారు. అవే కొనలు 221లో పేచీ లేకుండా పోతాయి.

కంప్యూటర్ మిషన్‌కు దీనికి విరుగుళ్ళు లేకపోలేదు. తిన్నని కుట్టుకు పనికివచ్చే ఒంటి రంధ్రపు ప్లేటు కొన్ని మిషన్లకు విడిగా దొరుకుతుంది. లేదా సూదిని కొంచెం కుడికి జరిపి, గుడ్డను పళ్ళ మీదికి ఎక్కువ వచ్చేలా పెట్టి, పావు అంగుళం గుర్తును కొత్తగా వేసుకోవచ్చు. అయితే ఈ రెండూ కలిపి చేయడానికి లేదు, ఒంటి రంధ్రపు ప్లేటు మీద సూదిని జరిపితే విరుగుతుంది. అన్నిటికన్నా సులువైనది, కుట్టు మొదట్లో ఒక పనికిరాని పీలికను ముందుగా కుట్టి, దాని వెనకే అసలు ముక్కను పంపడం.

221 లోపాలను దాచను. సూది ఎక్కడ ఆగితే అక్కడే, చక్రం తిప్పి చేత్తోనే దింపుకోవాలి. ఆప్లిక్ (గుడ్డ మీద గుడ్డ బొమ్మలు అతికే పని) అంచులకు జిగ్‌జాగ్ లేదు. పళ్ళు కిందికి దిగవు కనుక గుడ్డను చేత్తోనే ఇష్టమైన వైపు తిప్పుతూ కుట్టే ఫ్రీ మోషన్ క్విల్టింగ్‌కు వాటిని కప్పిపెట్టాలి. ఆ సౌకర్యం కావాలంటే దాని తోబుట్టువు 222కె వెతుక్కోవాలి. సూది చదును పక్క ఎడమకు పెట్టి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి; అలవాటు కొద్దీ తిరగేసి పెట్టి కుట్టే పడడం లేదని విసుక్కోని కొత్తవారు తక్కువ. దారం, అడుగున దాన్ని అందుకునే హుక్కు వెనకకు చేరితే మిషన్ బిగుసుకుపోతుంది. కొనేటప్పుడు బాబిన్ కేసు (అడుగు దారపు కండె కూర్చునే డబ్బీ) పూర్తిగా ఉందో లేదో, మోటారు ఎన్ని వోల్టులదో తప్పక చూడాలి. 110 వోల్టుల మోటారును 220 సరఫరాకు తగిలిస్తే కాలిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వెంట తీసుకువెళ్తే తేలిక మిషన్ కొన్న ప్రయోజనమే పోతుంది.

కంప్యూటర్ మిషన్ సుఖాలు వేరు. పెడల్ వదలగానే సూదిని గుడ్డలోనే దిగి ఉండేలా ఆపవచ్చు, వేగానికి హద్దు పెట్టవచ్చు, బల్ల కింద పెడల్‌కు చోటు లేకపోతే బటన్‌తోనే కుట్టవచ్చు. పై పొరనూ కింది పొరతో సమంగా జరిపే వాకింగ్ ఫుట్ అనే పాదం బిగిస్తే చిన్న బొంత మూడు పొరలూ దానితోనే పూర్తవుతాయి. ఇంట్లో మరో మిషన్ లేనివారు, ఒక వారం ఆప్లిక్, ఒక వారం ఫ్రీ మోషన్ అంటూ సాగే తరగతిలో చేరేవారు దీనినే తీసుకోవాలి. ఇంట్లో జిగ్‌జాగ్ మిషన్ ఉండి, తరగతికి ముక్కలు అతకడానికే వెళ్ళేవారికి మాత్రం 221కు సాటి వచ్చేది నాకు కనబడలేదు.

మీటలు తిప్పే మామూలు చిన్న మిషన్లు ఈ రెండింటికీ మధ్యస్థం. 5 మిల్లీమీటర్ల జిగ్‌జాగ్ ఉన్నవైతే పావు అంగుళానికి కొంత నయం. అరచేతిలో పట్టేటంతటి ప్లాస్టిక్ మినీ మిషన్లు క్విల్టింగ్‌కు పనికిరావు.

ఏది కొన్నా, డబ్బు ఇచ్చే ముందు ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పట్టీలు వెంట తీసుకెళ్ళి అక్కడే అతికి చూడండి. ఇస్త్రీ మడత ఒకటి రెండు పోగుల మేర తింటుంది కనుక పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువగా కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని మొదట్లోనూ మధ్యలోనూ చివరా మూడుచోట్ల కొలవండి. అన్నిచోట్లా సరిగ్గా అంగుళం ఉండాలి. 221 మీద నాకు మూడుచోట్లా అంగుళమే వచ్చింది. కంప్యూటర్ మిషన్ మీద మొదటి రెండు చోట్ల అంగుళం, చివర రెండు పోగులు తక్కువ.