బెలాహీలోని షేమస్ హీనీ హోమ్‌ప్లేస్: తీరికగా చూడవలసిన చోటు

షేమస్ హీనీ నోబెల్ బహుమతి పొందిన ఐరిష్ కవి కదా అని చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ 1995 బహుమతిని కాసేపు మరచిపోయి లోపల అడుగుపెట్టండి. ఉత్తర ఐర్లండ్‌లో బెలాహీ అనే చిన్న ఊళ్లో ఆయన జీవితాన్నీ కవిత్వాన్నీ చూపించే ఈ కేంద్రంలో నాకు అన్నిటికన్నా నచ్చింది, హీనీకి కవిత్వాన్ని అందించిన ఊరివాళ్లు కనిపించడం.

ఒకప్పుడు పోలీసు ఠాణా ఉన్న స్థలంలో 2016లో దీన్ని తెరిచారు. కింది అంతస్తులోనే ఎక్కువసేపు గడపండి. కొలిమి దగ్గర కమ్మరి, ఇంటికి గడ్డి కప్పేవాడు, పుల్ల పట్టుకుని నీటి జాడ చెప్పేవాడు, బంగాళాదుంపల చేలో పార పట్టిన తండ్రి... వీళ్లందరి మీదా ఆయన కవితలు రాశారు. చేతికిచ్చే పరికరంలో ఆ కవితలను ఆయన గొంతులోనే వినవచ్చు. నాలుగేళ్ల తమ్ముడు 1953లో రోడ్డు ప్రమాదంలో పోతే, ఆ దుఃఖం మీద రాసిన కవిత తప్పక వినండి. ఎక్కడా గొంతు పెంచరు, సాగదీయరు. బడిలో ఏళ్ల తరబడి పిల్లల చేత పద్యాలు రాగయుక్తంగా చదివించినదాన్ని, అంత నిదానమైన చదువు ముందు కదలలేకపోయాను. పక్కనే మా మనవరాలూ అలాగే నిలబడిపోయింది.

పై అంతస్తులో ఆయన వాడిన పదాలు పైనుంచి వేలాడుతుంటాయి. పిల్లలకు అది బాగా నచ్చుతుంది. నేను మాత్రం మళ్లీ కిందికే వచ్చాను.

కారు ఉంటే దగ్గరలోని టూమ్ అనే ఊరు కూడా చూడండి. బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటులో పాల్గొన్న రాడీ మెకార్లీని 1800లో ఉరితీసింది అక్కడే. అతని మీద కట్టిన పాటలను ఐర్లండ్‌లో ఇప్పటికీ పాడుకుంటారు. టూమ్ వంతెన మీద రాసిన కవితలో హీనీ కూడా ఆ కుర్రవాణ్ణి తలచుకున్నారు. పాటగాళ్లు ముందు నడిచిన దారిలోనే ఈ కవీ నడిచాడని అక్కడ నిలబడితే బాగా తెలుస్తుంది. అందుకే కేంద్రం చూసి వెంటనే వెనుదిరగవద్దంటాను.

హీనీ సమాధి బెలాహీలోనే, సెయింట్ మేరీ చర్చి ఆవరణలో ఉంది. తమ్ముడినీ అక్కడే ఖననం చేశారు. కేంద్రంలోని నాటకశాలలో కవితా పఠనాలు, సంగీత సభలు జరుగుతుంటాయి. అలాంటి సాయంత్రం ఏదైనా ఉందేమో ముందుగా కనుక్కుని ఆ రోజుకే ప్రయాణం పెట్టుకోండి.