11 ఏళ్లుగా వింటున్న ఆ టింగ్ టింగ్: సీటు బెల్టు అలారంతో నా అనుభవం

11 ఏళ్లుగా ఒకే కారు నడుపుతున్నాను. అందులో నీకు బాగా పనికొచ్చిందేమిటని ఎవరైనా అడిగితే సీటు బెల్టు అలారం అనే చెప్తాను.

కొన్న కొత్తలో మాత్రం దానిమీద మహా చిరాకుగా ఉండేది. బండి కదిలిందో లేదో ఎర్ర బొమ్మ వెలుగుతుంది, టింగ్ టింగ్ మొదలవుతుంది. వేగం పెరిగేకొద్దీ మోత కూడా పెరుగుతుంది. పక్క సీట్లో బరువైన బ్యాగు పెట్టినా అదే గోల. సీట్లోని సెన్సారుకు బరువు తెలుస్తుంది గానీ అది మనిషో బ్యాగో తెలియదు. దాని నోరు మూయించడానికి, బెల్టుకు బదులు బకిల్లో గుచ్చే ఉత్త క్లిప్పు ఒకటి కొన్నాను.

నాలుగో నెలలో ఓ మలుపు దగ్గర ముందు కారు ఠక్కున ఆగింది. నేను గట్టిగా బ్రేకు తొక్కాను. పక్కన మా తమ్ముడు. బకిల్లో క్లిప్పు ఉంది కాబట్టి అలారం మోగలేదు, వాడు బెల్టు పెట్టుకోనూ లేదు. నుదురు వెళ్లి డ్యాష్‌బోర్డుకు తగిలింది. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. కార్లు గుద్దుకోనైనా లేదు, వట్టి బ్రేకుకే అంత దెబ్బ. ఆ రాత్రే క్లిప్పును విరిచి పారేశాను.

ఆరో ఏట నిజంగానే గుద్దుకుంది. అప్పుడు నాకు బెల్టు ఉంది. భుజం నుంచి నడుం దాకా ఏటవాలుగా కమిలిన చార రెండు వారాలు ఉండిపోయింది, అంతే. తర్వాత మెకానిక్ ఆ బెల్టును లాగి చూపించాడు. బిర్రబిగిసిపోయి కదల్లేదు. గుద్దుకున్న క్షణంలోనే లోపల చిన్న మందు పేలి, పట్టీని వెనక్కి గుంజి మనిషిని సీటుకు అదిమిపెడుతుందట. అది ఒక్కసారికే పనిచేస్తుంది, మొత్తం కొత్తది వేయాల్సిందే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకుంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడ్డట్టే. చేతులు అడ్డం పెట్టి ఆపుకునే దెబ్బ కాదు. ముందు సీట్లో బెల్టు పెట్టుకుంటే చనిపోయే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు మనమంతా వాడే మూడు కొసల బెల్టును వోల్వో కార్ల కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తెచ్చారు. ఆ కంపెనీ పేటెంటును మిగతావాళ్లకూ వదిలేసింది. అయినా కార్లలో బెల్టులు ఉన్నంత మాత్రాన జనం పెట్టుకోలేదు. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం పెట్టుకోవడం తప్పనిసరి చేసింది. అమెరికాలో బెల్టు పెట్టకపోతే కారు స్టార్టే కాని ఏర్పాటు తెస్తే జనం మండిపడ్డారు, 1974లో ఆ నిబంధనను ఎత్తేశారు. అందుకే నాకు ఈ అలారం పద్ధతి సరైనదనిపిస్తుంది. బండిని ఆపదు, మనల్నీ వదలదు.

దీని అసలు మేలు నాకు ఇంట్లో తెలిసింది. పెద్దవాళ్లకు బెల్టు పెట్టుకోమని చెప్పాలంటే మొహమాటం. 'ఇంత దగ్గరికే కదరా' అంటారు మా మావయ్య. నేను రెండోసారి చెప్తే, 'నీ డ్రైవింగ్ మీద నీకే నమ్మకం లేదా' అని నొచ్చుకునేవారు. ఇప్పుడు ముందు సీట్లో కూర్చుంటే నేను నోరు విప్పక్కర్లేదు. కారు మోగుతుంది, రూలు కూడా ఉంది, ఆయనే విసుక్కుంటూ పెట్టుకుంటారు. మా మధ్య మాట పట్టింపు రాదు. చట్టం ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చెప్పలేక ఊరుకునే మాటను అది అందరి తరఫునా చెప్పేస్తుంది.

పోతే ఒక పెద్ద లోపం. నా కారులో వెనక సీట్లకు అలారం లేదు. వెనక బెల్టు లేకుండా కూర్చున్న మనిషి గుద్దుకున్నప్పుడు ముందున్నవాళ్ల వీపు మీదికే వచ్చి పడతాడు, కాబట్టి అది అతని సొంత విషయం అనలేం. యూరప్‌లో 2019 సెప్టెంబరు నుంచి కొత్తగా వచ్చే మోడళ్లకు వెనక కూడా అలారం తప్పనిసరి. నా తర్వాతి కారులో ముందుగా చూసేది అదే. అప్పటిదాకా, వెనక ఎంతమంది కూర్చుంటే అన్ని క్లిక్కులు వినపడ్డాకే బండి కదిలిస్తున్నాను.