కథ హక్కులు మొత్తం రాసిచ్చేయాలా, లైసెన్స్ ఇస్తే చాలా? ఏది మేలు?

హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు రూమ్ తీసుకుని కథలు రాసుకునేవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్నే ఇది. యూట్యూబ్ ఛానల్ వాళ్ళో, ఆడియో యాప్ వాళ్ళో, చిన్న ప్రొడ్యూసరో కథ నచ్చిందని అగ్రిమెంట్ పంపిస్తారు, అందులో సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా అని ఉంటుంది, సంతకం పెట్టాలా వద్దా అని. నా మాట ముందే చెప్పేస్తా, తక్కువ డబ్బులకైతే అస్సలు పెట్టొద్దు, లైసెన్స్, అంటే కొంతకాలం వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తానని అడగండి.

కథ కాగితం మీద పెట్టగానే కాపీరైట్ మీదైపోతుంది, రిజిస్టర్ చేయించినా చేయించకపోయినా. రిజిస్ట్రేషన్ రేపు గొడవైతే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, కథకి ఫీజు 500 రూపాయలే, ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు కాబట్టి చేయించుకోండి. కానీ ఉత్త ఐడియాకి మాత్రం కాపీరైట్ ఉండదు, నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు పెద్దయ్యాక కలవడం ఎవరి సొత్తూ కాదు, మీరు రాసిన సీన్లు, డైలాగులు, కథ నడిపిన తీరు మీవి. అందుకే నోటితో కథ చెప్పే ముందే మొత్తం రాసి పెట్టుకోవాలి.

ఇంకోటి, డబ్బు తీసుకున్నాం కదా ఇక కథ వాళ్ళదే అనుకుంటారు చాలామంది. కాదండీ. జీతానికి ఉద్యోగం చేస్తూ ఆ పనిలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. ఫ్రీలాన్స్‌గా రాస్తే రాతపూర్వకంగా ఇచ్చేదాకా మీదే. ఫొటోల విషయం మాత్రం రివర్స్, డబ్బులిచ్చి తీయించుకున్న పెళ్ళి ఫొటోల హక్కు మామూలుగా తీయించుకున్నవాళ్ళదే.

ఇప్పుడు అసలు సంగతి. అసైన్‌మెంట్ అంటే హక్కుల్ని వాళ్ళ పేరు మీదికి మార్చేయడం. లైసెన్స్ అంటే ఓనర్ మీరే, వాళ్ళకి ఫలానా పనికి, ఫలానా కాలానికి వాడుకునే అనుమతి. కాపీరైట్ మీరు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది, అంటే శాశ్వతంగా అని రాసిచ్చేస్తే మీ పిల్లలకి, మనవలకి రావాల్సింది కూడా ఆ ఒక్క సంతకంతో పోయినట్టే. ఇవాళ పది నిమిషాల షార్ట్ ఫిలిం కోసం ఇచ్చిన కథ రేపు వెబ్ సిరీస్ అవ్వచ్చు, ఆడియో బుక్ అవ్వచ్చు, తమిళంలోకో హిందీలోకో వెళ్ళొచ్చు, అవన్నీ ఒకే రేటుకి ఎందుకిచ్చేయాలి? షార్ట్ ఫిలింకి మాత్రమే, తెలుగులో మాత్రమే, 3 ఏళ్ళకి మాత్రమే అని లైసెన్స్ ఇస్తే మిగతావన్నీ మీ దగ్గరే ఉంటాయి. ఈ కథ ఇంకెవరికైనా ఇస్తారేమో అని వాళ్ళకి భయముంటే ఆ 3 ఏళ్ళకీ ఎక్స్‌క్లూజివ్‌గా ఇవ్వండి, రేటు కాస్త పెంచి.

పెద్ద సినిమా అయితే లెక్క వేరు. కోట్లు పెట్టే ప్రొడ్యూసర్ హక్కులు తన పేరు మీదే ఉండాలంటాడు, ఓటీటీకి అమ్మేటప్పుడు ఆ కాగితాలు చూపించాలి, అందులో తప్పేం లేదు. అక్కడ అసైన్‌మెంట్ ఇవ్వండి, కానీ సినిమా హక్కుల వరకే, నవల, ఆడియో మీ దగ్గరే పెట్టుకుని, రీమేక్‌లో వాటా అడిగి. చట్టం కూడా మీ వైపు కొంచెం నిలబడింది. అగ్రిమెంట్‌లో ఏ హక్కులు, ఎన్నేళ్ళు, ఎక్కడెక్కడ, డబ్బెంత అని ఉండాలి, కాలం రాయకపోతే 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోకపోతే, అది రద్దయినట్టే. ప్రొడ్యూసర్ల అగ్రిమెంట్లలో ఈ ఏడాది రూల్ వర్తించదు అనే క్లాజ్ ఉందేమో వెతకండి, ఉంటే కొట్టేయమనండి, లేకపోతే మీ కథ ఎవరి బీరువాలోనో ఏళ్ళకేళ్ళు పడుంటుంది.

కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత ఇంకో మంచి జరిగింది. సినిమాలో వాడిన రచనకి, సంగీతానికి, థియేటర్‌లో సినిమాతో పాటు ఆడించడం కాకుండా వేరే రకంగా వాడితే వచ్చే రాయల్టీలో సమాన వాటా రాసినవాళ్ళకి, ట్యూన్ కట్టినవాళ్ళకి ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నా అని సంతకం పెట్టినా అది చెల్లదు.

పేరు సంగతి కూడా మర్చిపోవద్దు. హక్కులన్నీ అమ్మేసినా ఇది రాసింది నేనే అని చెప్పుకునే హక్కు, మీ పరువు పోయేలా మార్చేస్తే అడ్డుకునే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద మీకుంటాయి. అయినా టైటిల్స్‌లో పేరు ఎక్కడ, ఎలా పడాలో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి, రిలీజ్ ముందు రోజు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.